ఎండిన రొట్టెతో మాల్టా పండ్ల పుడ్డింగ్: ‘పుడీనా’ తయారీకి సమగ్ర మార్గదర్శి

మధ్యధరా సముద్రంలో, ఇటలీకి చెందిన సిసిలీ ద్వీపానికి దక్షిణాన ఉన్న మాల్టా దేశపు విస్తీర్ణం మొత్తం 316 చదరపు కిలోమీటర్లు మాత్రమే. ఆ చిన్న దేశంలో రొట్టెను ఏ రోజుకారోజు తాజాగా కొనుక్కునే అలవాటు నేటికీ బలంగా ఉంది. పైన గట్టి పెంకు, లోపల పెద్ద పెద్ద గాలిగూళ్ళతో మెత్తటి భాగం ఉండే ఆ పులిసిన పిండి రొట్టె, పొయ్యి నుంచి దిగిన నాడు ఎంత రుచిగా ఉంటుందో మూడవ నాటికి అంత మొండిగా మారుతుంది. అలా మిగిలిన ముక్కలను నీళ్ళలో నానబెట్టి, పిండి, చిదిమి, ఎండు పండ్లు, కోకో, నారింజ తొక్క, సుగంధ ద్రవ్యాలు కలిపి, లోతైన పళ్ళెంలో కాల్చి, చల్లారాక చదరపు ముక్కలుగా కోసుకునే వంటకం పేరు ‘పుడీనా తల్ హోబ్జ్’.

ఈ పేరు వినగానే తెలుగువారికి పుదీనా ఆకు గుర్తుకు రావడం సహజమే గాని, ఇందులో పుదీనా ఉండదు. మాల్టా 1800 నుంచి 1964లో స్వతంత్రం వచ్చేవరకు బ్రిటిష్‌వారి ఏలుబడిలో ఉంది. వారి ‘పుడ్డింగ్’ అన్న మాటే మాల్టీస్ భాషలో ‘పుడీనా’ అయింది. ‘హోబ్జ్’ అంటే రొట్టె. రాతలో హోబ్జ్ అయినా పలికేటప్పుడు ‘హోప్స్’ అని వినిపిస్తుంది. మాల్టీస్ భాష లాటిన్ లిపిలో రాసుకునేదే అయినా అరబిక్ నుంచి పుట్టింది కనుక, ఈ మాట అరబిక్‌లోని ‘ఖుబ్జ్’కు తోబుట్టువు. దుబాయ్, కువైట్, మస్కట్‌లకు పనులకు వెళ్ళిన మనవారు రోజూ తినే ‘కుబూస్’ కూడా ఆ మాటే. కాబట్టి ఈ వంటకం పేరులో సగం ఇంగ్లిష్‌వారిది, సగం అరబ్బులది. వంటకం మాత్రం పూర్తిగా మాల్టావారిది.

దీని గురించి రాసేవారు సాధారణంగా అందులో పడే పండ్ల గురించి, కోకో గురించి ఎక్కువగా చెబుతారు. ఎన్నోసార్లు చేసి చూసిన మీదట నాకు తెలిసిందేమిటంటే, ఈ పుడ్డింగ్ బాగా రావడమూ చెడిపోవడమూ ఒకే ఒక్క పనిమీద ఆధారపడి ఉంటుంది. అది నానిన రొట్టెను ఎంతవరకు పిండామన్నది. అందుకే ఈ వ్యాసంలో ఆ దశకే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

రొట్టెకు అక్కడ ఉన్న విలువ

ఎండిన రొట్టెను పారవేయడానికి మాల్టావారి చేయి ఎందుకు రాదో అర్థం కావాలంటే, ఆ దేశ చరిత్రలో రొట్టెకు ఉన్న స్థానాన్ని కొంచెం తెలుసుకోవాలి. ద్వీపంలో పండే ధాన్యం జనానికి ఎన్నడూ చాలలేదు. గోధుమలు ఓడల మీద బయటి నుంచి రావలసిందే. 1919 జూన్ 7న రొట్టె ధర పెరుగుదలపై జనం వీధుల్లోకి వచ్చినప్పుడు బ్రిటిష్ సైనికులు కాల్పులు జరిపారు. ఆ అల్లర్లలో నలుగురు మాల్టీస్ పౌరులు చనిపోయారు. ‘సెట్టే జున్యో’ (ఇటాలియన్‌లో ‘జూన్ ఏడు’) పేరిట ఆ రోజును ఇప్పటికీ జాతీయ దినంగా పాటిస్తున్నారు. రెండవ ప్రపంచ యుద్ధంలో 1942 నాటి ముట్టడి కాలంలో రొట్టె కొలత ప్రకారమే దొరికేది. ఆ ఏడాది ఆగస్టులో మాల్టాకు బయలుదేరిన 14 సరకు ఓడలలో 5 మాత్రమే శత్రువుల దాడులను తట్టుకుని రాజధాని వల్లెట్టా రేవుకు చేరాయి. వాటిలో చివరిదైన చమురు ఓడ ‘ఒహాయో’ ఆగస్టు 15న, మేరీమాత పండుగైన శాంటా మరియా నాడు, రేవులో ప్రవేశించింది. అటువంటి రోజులను చూసిన తరం ఇళ్ళలో రొట్టె ముక్క వృథా కావడమంటే ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

వల్లెట్టాకు దగ్గరలోని కోర్మి అనే ఊరు (స్థానికుల నోట ఇది ‘ఓర్మి’ అని పలుకుతుంది) రొట్టెలు కాల్చేవారికి ప్రసిద్ధి. బ్రిటిష్‌వారికన్నా ముందు మాల్టాను ఏలిన క్రైస్తవ సైనిక సంఘం, సెయింట్ జాన్ యోధుల పాలనలో ఆ ఊరిని ‘కసాల్ ఫోర్నారో’, అంటే రొట్టెలవారి పల్లె, అని పిలిచేవారు. ఇళ్ళలో ఓవెన్లు లేని కాలంలో ఆదివారం వంటకాల పళ్ళేలను ఊరి రొట్టెల కొలిమికి మోసుకువెళ్ళి, అక్కడ కాల్పించుకుని తెచ్చుకునేవారు. మనిషి ఎలాంటివాడో ఆరా తీయడానికి ‘అతను ఏ రొట్టె తింటాడు?’ అని అడగడం వారి నుడికారం. అదే పిండితో చేసే చదునైన రొట్టె ‘ఫ్తీరా’ చుట్టూ అల్లుకున్న సంస్కృతిని 2020లో యునెస్కో మానవజాతి అవ్యక్త సాంస్కృతిక వారసత్వపు జాబితాలో చేర్చింది.

ఏ రొట్టె పనికివస్తుంది, ఏది పనికిరాదు

రొట్టె గట్టిపడడం అంటే కేవలం నీరు ఆరిపోవడం కాదు. కాల్చేటప్పుడు నీటిని పీల్చుకుని మెత్తబడిన పిండిపదార్థం, చల్లారిన తరువాత మెల్లమెల్లగా మళ్ళీ స్ఫటికాలుగా పేరుకోవడమే దానికి ముఖ్య కారణం. రాత్రి మిగిలిన అన్నం తెల్లవారేసరికి బిరుసెక్కడం కూడా ఇందువల్లనే. ఈ మార్పు ఫ్రిజ్‌లోని చల్లదనంలో మరింత వేగంగా జరుగుతుంది గనుక, రొట్టెను మెత్తగా ఉంచుకోవాలనుకునేవారు దానిని ఫ్రిజ్‌లో పెట్టకూడదు. పుడీనా కోసం ముక్కలు కూడబెట్టేవారు మాత్రం డీప్ ఫ్రీజర్‌లో ఉంచడం మేలు. అక్కడ గట్టిపడడం దాదాపు ఆగిపోతుంది, బూజు కూడా పట్టదు. వారం పది రోజులపాటు మిగిలిన ముక్కలన్నీ ఒక సంచిలో పోగుచేసి, అర కిలో అయిన రోజున ఈ వంటకం మొదలుపెట్టవచ్చు.

ఎండిన రొట్టె వేరు, చెడిపోయిన రొట్టె వేరు. ఎక్కడైనా ఆకుపచ్చ, నలుపు లేదా తెల్లటి బూజు మచ్చ కనిపిస్తే, ఆ భాగం కోసి మిగిలినది వాడుకోవచ్చని అనుకోకూడదు. రొట్టె వంటి గుల్ల పదార్థంలో బూజు పోగులు కంటికి కనిపించినంత మేరకే ఆగవు. అలాగే, లోపలి భాగం జిగటగా మారి, తుంచితే సన్నని తీగలు సాగుతూ, మిగలపండిన ఖర్బూజా వంటి వాసన వస్తుంటే అది బాక్టీరియా వల్ల చెడిన రొట్టె; అది కూడా పనికిరాదు. గట్టిగా ఎండి, తడితే టకటకమని మోగుతూ, వాసన మాత్రం శుభ్రంగా గోధుమ వాసనే వచ్చే రొట్టె ఈ పనికి అన్నిటికన్నా మంచిది.

మాల్టా రొట్టె దొరకని చోట, పులిసిన పిండితో చేసిన పెంకు రొట్టె ఏదైనా సరిపోతుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలలోని బేకరీలలో ఇప్పుడు సోర్‌డో రొట్టె దొరుకుతోంది. అది లేకపోతే తీపి లేని పావ్ రొట్టె రెండవ స్థానంలో నిలుస్తుంది. ప్యాకెట్లలో వచ్చే శాండ్‌విచ్ బ్రెడ్ వాడవలసి వస్తే రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, అందులో అప్పటికే చక్కెర ఉంటుంది గనుక వంటకంలోని చక్కెరను 40 గ్రాములు తగ్గించాలి. రెండవది, ఆ ముక్కలను 120 డిగ్రీల వేడిలో 20 నిమిషాలు ఆరబెట్టిన తరువాతే నానబెట్టాలి. నేను మొదటిసారి ఈ జాగ్రత్త తెలియక, మెత్తని ప్యాకెట్ బ్రెడ్‌ను రాత్రంతా నీళ్ళలో వదిలేశాను. తెల్లవారేసరికి అది అంబలిలా మారింది, ఎంత కాల్చినా నడిమి భాగం ఉడకలేదు.

కావలసినవి

30 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల లోతు గల పళ్ళేనికి ఈ కొలతలు సరిపోతాయి. 24 ముక్కలు వస్తాయి.

ఎండిన రొట్టె, పెంకుతో సహా: 500 గ్రాములు
చక్కెర: 180 గ్రాములు
కరిగించిన వెన్న: 100 గ్రాములు
కోడిగుడ్లు: 3
తీపి కలపని కోకో పొడి: 50 గ్రాములు
కిస్‌మిస్, నల్ల ఎండు ద్రాక్ష కలిపి: 200 గ్రాములు
చక్కెర పాకంలో ఉడికించిన నారింజ తొక్క: 75 గ్రాములు
అక్రోటు లేదా బాదం పలుకులు: 75 గ్రాములు
నారింజ పండు: 1, రసం, పైతొక్క తురుము రెండూ
దాల్చిన చెక్క పొడి: ఒకటిన్నర టీస్పూన్లు
జాజికాయ తురుము: అర టీస్పూను
లవంగాల పొడి: రెండు చిటికెలు
బేకింగ్ పౌడర్: 1 టీస్పూను
ఉప్పు: ఒక చిటికెడు
విస్కీ, బ్రాందీ లేదా సోంపు వాసనగల అనిసెట్టా: 50 మిల్లీలీటర్లు
పైన చల్లడానికి నువ్వులు లేదా చీల్చిన బాదం: కొద్దిగా

మాల్టాలో ఏ రెండు ఇళ్ళలోనూ ఈ కొలతలు ఒకటిగా ఉండవు. కొందరు కోకో వేయరు, కొందరు వెన్నకు బదులు మార్జరిన్ వాడతారు, కొందరు అంజీరు, ఖర్జూరం, చెర్రీలు కూడా కలుపుతారు. ఇంట్లో మిగిలినవాటితో చేసే వంటకం కనుక ఈ తేడాలు సహజం. అయితే కోకో, నారింజ తొక్క, లవంగం, దాల్చిన చెక్క కలిసినప్పుడు వచ్చే వాసన మాత్రం ఆ ద్వీపానికి చాలా సొంతమైనది. క్రిస్మస్‌కు అక్కడ చేసుకునే ‘ఇంబుల్యూటా’ అనే ఎండు చెస్ట్‌నట్ పాయసం వంటి పానీయంలోనూ ఇదే కూర్పు కనిపిస్తుంది. అందుకే మొదటిసారి చేసేవారు కోకోను, నారింజను వదలవద్దని నా సలహా.

మొదటి మెట్టు: నారింజ తొక్క సిద్ధం చేసుకోవడం

మన బజారులో కేకుల కోసం అమ్మే రంగురంగుల టూటీ ఫ్రూటీ పచ్చి బొప్పాయితో చేసినది. అందులో తీపి తప్ప మరేమీ ఉండదు. ఈ పుడ్డింగ్‌కు కావలసింది పండు తొక్కలోని సన్నని చేదు, ఆ నూనె వాసన. తీపి, కోకో, రొట్టె కలిసి నోటికి మొద్దుగా తోచకుండా కాపాడేది అదే. పాకంలో ఉడికించిన నారింజ తొక్క దొరకకపోతే, ఇంట్లోనే చేసుకోవచ్చు.

మందమైన తొక్క ఉన్న రెండు నారింజ పండ్లను వేడి నీళ్ళతో బాగా కడిగి, తొక్కను నాలుగు చెక్కలుగా ఒలిచి, అర సెంటీమీటరు వెడల్పున కోయాలి. ఆ ముక్కలను చల్లటి నీళ్ళలో వేసి, మరిగాక 5 నిమిషాలు ఉంచి, ఆ నీళ్ళు పారబోయాలి. ఇలా మూడుసార్లు చేస్తే ఎక్కువైన చేదు పోయి, ఉండవలసినంత మిగులుతుంది. తరువాత 150 గ్రాముల చక్కెరను 150 మిల్లీలీటర్ల నీటిలో కరిగించి, ముక్కలను అందులో వేసి, సన్నని మంట మీద 35 నుంచి 40 నిమిషాలు, తొక్క అద్దంలా మెరిసేవరకు ఉడికించాలి. మన పల్చటి తొక్క కమలా పండ్లకు రెండుసార్లు ఉడకబెట్టి వార్చడం చాలు. మిగిలిన పాకాన్ని పారవేయకుండా, పుడ్డింగ్ పొయ్యి నుంచి దిగగానే పైన పూయడానికి ఉంచుకోవాలి. ఒకప్పుడు మాల్టా నారింజలకు యూరప్‌లో గొప్ప పేరు ఉండేది. ఉత్తర భారతంలో, పాకిస్తాన్‌లో ఒక రకం తీపి నారింజను నేటికీ ‘మాల్టా’ అనే పిలుస్తారు.

రెండవ మెట్టు: ఎండు పండ్లను నానబెట్టడం

కిస్‌మిస్, ఎండు ద్రాక్షలను గోరువెచ్చని నీటితో ఒకసారి కడిగి, మద్యం, నారింజ రసం కలిపిన గిన్నెలో వేసి కనీసం గంటసేపు, వీలైతే ముందు రోజు రాత్రే నానబెట్టాలి. ఎండు పండ్లను నానబెట్టకుండా నేరుగా కలిపితే అవి కాలేటప్పుడు చుట్టూ ఉన్న రొట్టెలోని తేమను లాగేసుకుంటాయి. పైభాగంలో ఉన్నవి మాడి చేదెక్కుతాయి. మద్యం వాడనివారు అదే కొలతలో చిక్కటి టీ డికాషన్ వాడి, అందులో అర టీస్పూను నలిపిన సోంపు వేసి వడకట్టుకోవచ్చు. టీలోని వగరు ఎండు పండ్ల తీపికి చక్కగా సరిపోతుంది.

మూడవ మెట్టు: రొట్టెను నానబెట్టడం

పెంకును, లోపలి మెత్తటి భాగాన్ని వేరు చేసి, రెండింటినీ నిమ్మకాయంత ముక్కలుగా తుంచాలి. పెంకు మరీ గట్టిగా ఉంటే గుడ్డలో చుట్టి రోకలితో నాలుగు దెబ్బలు వేయడం సులువు. పెంకు ముక్కలను పెద్ద గిన్నెలో వేసి, అవి మునిగేంత వేడి నీళ్ళు పోసి, పైన పళ్ళెం బోర్లించి బరువు పెట్టాలి. అరగంట తరువాత మెత్తటి భాగాన్ని కూడా అందులో కలిపి, మరో 15 నిమిషాలు ఉంచాలి. రెండింటినీ ఒకేసారి వేస్తే, పెంకు నానేలోపు లోపలి భాగం అతిగా నీరు తాగి పేస్టులా మారుతుంది.

నీళ్ళా, పాలా అన్న ప్రశ్న తరచుగా వస్తుంది. కొన్ని ఇళ్ళలో పాలు, చాలా ఇళ్ళలో నీళ్ళు వాడతారు. నా ఉద్దేశంలో నీళ్ళే మంచివి. ఎలాగూ పిండి పారబోసేదానికి పాలు ఖర్చు చేయడం ఒక వృథా. పైగా పులిసిన రొట్టెలోని సన్నని పులుపు పాలలో మరుగునపడుతుంది. ఆ పులుపు ఉంటేనే పుడ్డింగ్ తిన్న కొద్దీ తినాలనిపిస్తుంది.

నాలుగవ మెట్టు: పిండడం

పెంకు ముక్క ఒకటి తీసి రెండు వేళ్ళ మధ్య నలిపితే ఎక్కడా గట్టి పలుకు తగలకూడదు. తగిలితే ఇంకో పది నిమిషాలు ఆగాలి. పూర్తిగా నానిందనుకున్నాక, రొట్టెను చిల్లుల గిన్నెలోకి వంచి, కారే నీళ్ళన్నీ కారిపోనివ్వాలి. ఆ తరువాత పిడికెడు చొప్పున తీసుకుని, రెండు అరచేతుల మధ్య పెట్టి గట్టిగా పిండాలి. వడియాలకు బూడిద గుమ్మడికాయ తురుమును పిండే తీరుగా, ధారగా కారడం ఆగి చుక్కలుగా పడేవరకు పిండి, అక్కడ ఆపాలి. చుక్క కూడా రాకుండా గుడ్డలో మూటకట్టి మెలితిప్పితే రొట్టె మరీ పొడిబారి, పుడ్డింగ్ ముక్క కోస్తే రాలిపోతుంది.

చేతి అంచనా మీద నమ్మకం లేనివారికి తూకం ఒక మంచి ఆధారం. 500 గ్రాముల ఎండిన రొట్టె, సరిగ్గా పిండిన తరువాత 900 గ్రాముల నుంచి ఒక కిలో వరకు తూగాలి. ఒక కిలోకు మించి ఉంటే ఇంకా నీరు ఉన్నట్టు, మళ్ళీ పిండాలి. 850 గ్రాములకు తగ్గితే కలిపేటప్పుడు రెండు మూడు చెంచాల పాలు చేర్చాలి. ఈ తూకం ఎందుకు ముఖ్యమంటే, కేకులోలా ఇందులో పచ్చి మైదా ఉండదు, అదనపు నీటిని అంతగా పీల్చుకునే శక్తి దేనికీ లేదు. గుడ్లు కొంతవరకే బిగించగలవు. మిగిలిన నీరంతా పళ్ళెం అడుగుకు చేరి, కాలిన తరువాత కూడా అక్కడ తడి జావ పొరలా నిలిచిపోతుంది.

పిండిన రొట్టెను వెడల్పాటి బేసినులో వేసి, వేళ్ళతో చిదుముతూ ఉండలు లేకుండా చేయాలి. మిక్సీ వాడకూడదు, మిక్సీలో రొట్టె జిగురెక్కి, కాలాక రబ్బరులా సాగుతుంది. అక్కడక్కడా పెసరగింజంత పలుకులు మిగలడం మంచిదే. హైదరాబాదీ డబుల్ కా మీఠా చేసేవారికి ఈ పద్ధతి కొంత వింతగా ఉండవచ్చు. అందులో రొట్టె ముక్క నేతిలో వేగి తన ఆకారాన్ని నిలుపుకోవాలి, ఇందులో ముక్క అన్న ఆనవాలే మిగలకూడదు.

అయిదవ మెట్టు: కలపడం

చిదిమిన రొట్టె మీద కరిగించిన వెన్న గోరువెచ్చగా ఉన్నప్పుడే పోసి, చక్కెర, ఉప్పు వేసి చేత్తో కలపాలి. వెన్న ముందుగా రొట్టెకు పట్టుకుంటే ముక్కకు మెత్తదనం వస్తుంది. తరువాత కోకో, దాల్చిన చెక్క, జాజికాయ, లవంగాల పొడులను, బేకింగ్ పౌడర్‌ను కలిపి జల్లించి, కొద్దికొద్దిగా చల్లుతూ కలపాలి. కోకో ఒకేచోట పడితే తడి రొట్టెలో ఉండకట్టి, తరువాత ఎంత కలిపినా విడదు. గుడ్లను వేరే గిన్నెలో తేలికగా గిలకొట్టి చేర్చాలి. నురుగు వచ్చేదాకా గిలకొట్టనవసరం లేదు, ఇది పొంగవలసిన వంటకం కాదు. చివరగా నానిన ఎండు పండ్లను మిగిలిన రసంతో సహా, నారింజ తొక్క ముక్కలను, పైతొక్క తురుమును, చేత్తో విరిచిన అక్రోటు పలుకులను కలపాలి. నారింజ పైతొక్కను తురిమేటప్పుడు రంగు పొర వరకే తురమాలి. కింది తెల్ల పొర చేదు.

మిశ్రమం గరిటజారుగా ఉండకూడదు. గారెల పిండికన్నా కొంచెం పలుచగా, గరిటెతో తీసి వంచితే ఒక క్షణం ఆగి ముద్దగా పడేలా ఉండాలి. రుచి చూసి చక్కెర సరిచూసుకోవాలనుకుంటే, గుడ్లు కలపకముందే చూసుకోవడం మంచిది. కలపడం పూర్తయ్యాక 15 నిమిషాలు పక్కన పెడితే కోకో తేమను పీల్చుకుని, మిశ్రమం కొంత బిగుస్తుంది. ఓవెన్ వేడెక్కడానికి పట్టే సమయం కూడా సుమారుగా అంతే.

ఆరవ మెట్టు: కాల్చడం

ఓవెన్‌ను 180 డిగ్రీలకు వేడి చేయాలి. పళ్ళేనికి వెన్న రాసి, అడుగున, పక్కల బట్టర్ పేపర్ పరచాలి. మిశ్రమాన్ని అందులోకి వంచి, తడిచేసిన గరిటె వెనుక భాగంతో చదును చేసి, మూలల్లో గాలి మిగలకుండా అదమాలి. ఎత్తు 4 సెంటీమీటర్లకు మించకుండా చూసుకోవాలి. అంతకు మించితే బయట ఎండిపోయే సమయానికి కూడా నడుమ ఉడకదు. పైకి తేలి కనిపించే కిస్‌మిస్‌లను వేలితో లోపలికి నొక్కి, నువ్వులు లేదా బాదం చల్లాలి.

ఓవెన్ నడిమి అరలో గంట నుంచి గంటంబావు వరకు కాల్చాలి. 40 నిమిషాల తరువాత పైభాగం త్వరగా రంగు మారుతున్నట్టు కనిపిస్తే అల్యూమినియం రేకు కప్పాలి. కోకో వల్ల ఇది మొదటి నుంచీ ముదురు రంగులోనే ఉంటుంది గనుక రంగు చూసి ఉడికిందో లేదో తేల్చలేము. నడుమ సన్నని కత్తి గుచ్చి, అయిదు క్షణాలు ఉంచి తీస్తే, దానికి పచ్చి జావ అంటకూడదు. కాస్త తేమ, ఒకటి రెండు రవ్వలు అంటితే ఫరవాలేదు. కత్తి మొనను జాగ్రత్తగా తాకితే బాగా వేడిగా ఉండాలి. పళ్ళెం అంచుల నుంచి పుడ్డింగ్ కొద్దిగా విడివడడం కూడా ఒక గుర్తు.

ఓవెన్ లేనివారు మందపాటి పెద్ద గిన్నె అడుగున రెండు అంగుళాల ఎత్తు రాతి ఉప్పు పోసి, పైన స్టాండు పెట్టి, మూతపెట్టి పది నిమిషాలు వేడి చేసి, సగం మిశ్రమాన్ని గుండ్రటి కేకు గిన్నెలో పోసి అందులో దించవచ్చు. కుక్కరు వాడితే గ్యాస్కెట్టు, వెయిటు తీసివేయడం తప్పనిసరి. సన్నని మంట మీద 75 నుంచి 90 నిమిషాలు పడుతుంది. ఇలా చేసినదానికి పైన కరకరలాడే పొర రాదు. లోపలి రుచికి లోటు ఉండదు.

ఏడవ మెట్టు: చల్లార్చడం, కోయడం

ఓపిక అవసరమైన దశ ఇదే. పొయ్యి నుంచి దించగానే, దాచుకున్న నారింజ పాకాన్ని కుంచెతో పైన పలుచగా పూసి, పళ్ళెంలోనే పూర్తిగా చల్లారనివ్వాలి. వేడిగా ఉన్నప్పుడు కోస్తే ముక్క నిలవదు, లోపల ఉడకలేదేమోనన్న అనుమానం కూడా కలుగుతుంది. చల్లారుతున్న కొద్దీ పిండిపదార్థం మళ్ళీ బిగుసుకుని ముక్కకు పట్టు వస్తుంది. మొదట్లో రొట్టెను తినడానికి పనికిరాకుండా చేసిన ఆ గుణమే ఇక్కడ మనకు సాయపడుతుంది. కనీసం 4 గంటలు ఆగాలి. రాత్రి చేసి తెల్లవారి కోసుకోవడం మరీ మంచిది, ఆ లోపు సుగంధ ద్రవ్యాల వాసన అంతటా పాకుతుంది. బట్టర్ పేపర్ అంచులు పట్టుకుని పైకెత్తి, బల్ల మీద ఉంచి, రంపపు పళ్ళున్న కత్తితో కోస్తూ 5 సెంటీమీటర్ల చదరపు ముక్కలుగా చేయాలి. ఎండు పండ్లు కత్తికి అంటుకుంటాయి కనుక ప్రతి కోతకూ కత్తిని తడి గుడ్డతో తుడవాలి.

పొరపాట్లు, వాటి కారణాలు

అడుగున తడి పొర మిగిలితే కారణం పిండడంలో లోపమేనని చెప్పుకున్నాం. అటువంటి పుడ్డింగ్‌ను చల్లారాక ముక్కలుగా కోసి, బోర్లించి, 160 డిగ్రీల వద్ద మరో 15 నిమిషాలు కాలిస్తే చాలావరకు బాగుపడుతుంది. ముక్కలు పొడిపొడిగా రాలితే రొట్టెను అతిగా పిండి ఉంటాము, లేదా ఎక్కువసేపు కాల్చి ఉంటాము; రాలిన దానిని వేడి పాలు పోసుకుని గిన్నెలో తినవచ్చు. నమిలేటప్పుడు గట్టి పెంకు ముక్కలు తగిలితే నానబెట్టడంలో తొందరపడ్డామన్నమాట. రుచి మొద్దుగా, కేవలం తీపిగా ఉంటే తదుపరిసారి నారింజ తురుమును రెట్టింపు చేసి, ఉప్పు వేయడం మరువకుండా చూసుకోవాలి.

గుడ్లు తినని ఇళ్ళలో, 3 గుడ్లకు బదులు 3 టేబుల్ స్పూన్ల కార్న్‌ఫ్లోర్‌ను 120 మిల్లీలీటర్ల పాలలో ఉండలు లేకుండా కలిపి చేర్చవచ్చు. ఇలా చేసినది కొంచెం బరువుగా, హల్వాకు దగ్గరగా వస్తుంది. పిండిన రొట్టె తూకం 900 గ్రాములకు మించకుండా చూసుకుంటే ముక్కలు చక్కగా నిలుస్తాయి.

నిలవ, వడ్డన

చల్లటి వాతావరణంలో మూతగల డబ్బాలో మూడు రోజులు బయటే ఉంటుంది. మన వేసవిలో మాత్రం మొదటి రోజు దాటితే ఫ్రిజ్‌లో పెట్టాలి. అక్కడ అయిదు రోజుల వరకు బాగుంటుంది. ముక్కలను విడివిడిగా బట్టర్ పేపర్‌లో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో పెడితే రెండు నెలల వరకు నిలుస్తుంది. తినే ముందు ఒక గంట బయట ఉంచాలి.

మాల్టాలో దీనిని పళ్ళెంలో పెట్టి చెంచాతో తినేదానికన్నా, చేతిలో పట్టుకుని తినడమే ఎక్కువ. పేస్ట్రీ దుకాణాలలో ముక్కల లెక్కన అమ్ముతారు. ఫ్రిజ్ నుంచి తీసిన ముక్కను పెనం మీద కాస్త వెన్న వేసి రెండు వైపులా ఒక్కో నిమిషం వేడి చేస్తే, అంచులు కరకరలాడుతూ, కోకో, నారింజ వాసన కొత్తగా లేస్తుంది. దానితోపాటు చక్కెర తక్కువగా వేసిన ఫిల్టర్ కాఫీ గాని, పాలు తక్కువ పోసిన టీ గాని ఉంటే సరిపోతుంది. ఐస్‌క్రీమ్, కస్టర్డ్ వంటివి చేర్చితే పులిసిన రొట్టె తాలూకు పులుపు నాలుకకు అందకుండా పోతుంది.